నీళ్లదాకా దారేది?

ఎండాకాలం సెలవుల్లో పొద్దున ఎనిమిది దాటిందంటే మా ఊరి మోటబావి మెట్ల మీద కాలు పెట్టే సందుండేది కాదు. లాగులు, అంగీలు, సొరబుర్రలు, గాలి కొట్టిన లారీ ట్యూబులు ఎక్కడివక్కడే పడి ఉండేవి. అన్నిటికన్నా పై మెట్టు మీద మాత్రం ఒక జత హవాయి చెప్పులు పక్కపక్కనే పొందికగా కనిపించేవి. మామూలుగా చెప్పులు మడమ దగ్గర అరుగుతాయి. అవి నట్టనడుమ అరిగేవి. కాళ్లకు తొడిగేవి కావు మరి, మా మేనబావ చేతులకు తొడుక్కునేవి.

ఆయనకు రెండో ఏట జ్వరమొచ్చింది. పక్క ఊరి ఆర్‌ఎంపీ సూది వేశాడు. తెల్లారేసరికి రెండు కాళ్లూ పడిపోయాయి. పోలియో అనే మాట మా ఇంట్లోకి చాలా ఏళ్ల తర్వాత వచ్చింది. అప్పటిదాకా మా అత్త "సూది వికటించింది" అనే చెప్పుకునేది. ఆమె మాటలో కొంత నిజం లేకపోలేదు. పోలియో వైరస్ ఒంట్లో ఉన్నప్పుడు కండకు వేసే సూది పక్షవాతాన్ని రేపగలదని వైద్యులూ ఒప్పుకుంటారు. ఏమైతేనేం, బావ ఊరంతా చేతుల మీదే తిరిగాడు. బడికి, కిరాణా కొట్టుకు, బతుకమ్మ ఆటకు, పీర్ల గుండం కాడికి.

బావిలోకీ అట్లాగే దిగేవాడు. కూర్చొని ఒక్కో మెట్టు జారుతూ వస్తుంటే పిల్లలం పక్కకు జరిగేవాళ్లం. ఆఖరి మెట్టు మీద రెండు అరచేతులూ ఆనించి ఒళ్లు లేపేవాడు. మరుక్షణం మెట్టు మీద మనిషి ఉండడు. మేం దుంకితే నీళ్లు గోడల దాకా ఎగిరేవి. బావ దిగితే చప్పుడే కాకపోయేది. నీళ్ల కింద ఆ సన్నటి కాళ్లు తామరతూడుల్లా వెనక ఊగుతూ వచ్చేవి. పని అంతా చేతులదే. ఇరవై ఏళ్లు ఒంటి బరువు మోసిన చేతులవి, భుజాలు పహిల్వాన్ భుజాలు. పది పైసల బిళ్ల బావిలో వేసి పందెం కడితే, బిళ్ల అడుగుకు చేరిందనుకునేలోపే దాన్ని పళ్ల మధ్య పట్టుకొని పైకి తేలేవాడు. "గడ్డ మీద నడుచుడు రాకపోతేంది, బాయిల దిగితే వాడు చాపనే" అని మా తాత అందరికీ చెప్పేవాడు.

ఆయన ఈతగాడని ఊరికంతటికీ తెలుసు. క్రీడాకారుడు కావచ్చని ఎవరికీ తోచలేదు. ఆయనకూ తోచలేదు. మేం పందేలు కాసిన ఆ ఏళ్లలోనే, ఇదే శరీరంతో, ఇవే కాళ్లతో లోకంలో ఎక్కడో మనుషులు లేన్లలో ఈదుతున్నారని, వాళ్లకు గడియారం పట్టేవాళ్లూ ఉన్నారని నాకు తెలిసేసరికి నా నెత్తి నెరిసింది.

ఆ ఏళ్లలో కాదు గానీ, తర్వాత అట్లా ఈదినవాళ్లలో ఒకామె మన తెలుగామె. మా కరీంనగర్‌కు దూరమే కానీ తెలంగాణ బిడ్డే. ఖమ్మం జిల్లా సత్తుపల్లి. మాధవీలతకు ఏడో నెలలోనే పోలియో సోకింది. చదువుకుంది, బ్యాంకు ఉద్యోగం చేసింది, ఆ దారిలోనే చెన్నై చేరింది. ఆమెను నీళ్ల దగ్గరకు తీసుకెళ్లింది ఆట మీద మోజు కాదు, ఊపిరి. ఏళ్ల తరబడి బలం లేని కండరాలతో కూర్చొనే బతికిన దేహంలో వెన్నెముక వంగిపోతుంది. వంగిన వెన్ను ఊపిరితిత్తులను నొక్కుతుంది. నడివయసుకు వచ్చేసరికి ఆమె పరిస్థితి అదే అయింది. అప్పుడు నీళ్లలో చేసే చికిత్స ఆమెకు దారి చూపించింది. వైద్యులు దాన్ని హైడ్రోథెరపీ అంటారు.

నీళ్లలో ఏముందని అడగొచ్చు. మెడ లోతు నీళ్లలో నిలబడితే ఒంటి బరువులో దాదాపు పదో వంతే కీళ్ల మీద పడుతుంది. గడ్డ మీద కదలని తుంటి నీళ్లలో కదులుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. రొమ్ము చుట్టూ నీళ్లు అన్ని వైపుల నుంచీ నొక్కుతుంటాయి కాబట్టి తీసుకునే ప్రతి ఊపిరీ పక్కటెముకల కండరాలకు కసరత్తే. బావిలో ఛాతీ దాకా దిగగానే పిల్లలు "హ్హ" అని నోరు తెరుస్తారు చూడండి. చల్లదనంతో పాటు ఈ ఒత్తిడి కూడా అందులో ఉంటుంది. పోలియో మనిషికి అదే మందు.

మందుగా మొదలైంది ఈతగా మారింది. చెన్నైలో కార్పొరేట్ ఉద్యోగుల క్రీడోత్సవంలో ఆమె మామూలు కాళ్లున్నవాళ్ల సరసన నీళ్లలోకి దిగింది. అందరికన్నా చివర గట్టు చేరింది. ఆ చివరి స్థానమే ఆమె క్రీడా జీవితానికి మొదలు. 2011లో జాతీయ పారా ఈత పోటీల్లో పతకాలు గెలిచింది. అప్పటికి ఆమె వయసు నలభైకి అటూ ఇటూ. మామూలు ఈతగాళ్లు రిటైరై కోచింగ్ ఇచ్చుకునే వయసు అది.

పతకాలకన్నా నాకు ఆమెలో నచ్చింది ఆ తర్వాత చేసిన పని. నాకు దొరికిన నీళ్లు మిగతావాళ్లకు ఎందుకు దొరకలేదని అడిగింది. తమిళనాడులో పారా ఈతగాళ్లను కూడగట్టింది. "ఎస్, వియ్ టూ కెన్" అనే ఉద్యమం నడిపింది. అక్కడితో ఆగక వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా స్థాపనకు ముందు నిలిచి అధ్యక్షురాలైంది. అంతకుముందు మన దేశంలో చక్రాల కుర్చీలో కూర్చొని బంతి ఆడే జట్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇదంతా చెన్నైలో జరిగింది. సత్తుపల్లిలోనే ఉండిపోతే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు, మా బావను చూస్తే చాలు.

ఇంకొకాయన మరాఠీ మనిషి. అయినా ఆయన కథలో మన సికింద్రాబాద్ ఉంది. సాంగ్లీ జిల్లా ఇస్లాంపూర్‌లో 1944లో పుట్టిన మురళీకాంత్ పేట్కర్ సైన్యంలో చేరి ఈఎంఈ దళంలో పనిచేశాడు. ఆ దళం శిక్షణ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. ఆయన మొదట ఈతగాడు కాదు, బాక్సర్. 1965 యుద్ధంలో తొమ్మిది తూటాలు తగిలాయి. ఒకటి వెన్నులో ఉండిపోయింది. నడుము కింద చచ్చుబడింది. ముంబైలో నౌకాదళ ఆసుపత్రి అశ్వినిలో ఫిజియోథెరపీ కోసం కొలనులో దించారు. ఇక్కడా మాధవీలత కథే. ఆసుపత్రి వాళ్లు నీళ్లను మందుగా ఇస్తే మనిషి దాన్ని ఆట చేసుకున్నాడు.

1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జరిగిన పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్‌ను ఆయన 37.33 సెకన్లలో ఈదాడు. ప్రపంచ రికార్డు. ఒలింపిక్సూ పారాలింపిక్సూ కలిపి చూసినా భారతీయుడికి దక్కిన మొట్టమొదటి వ్యక్తిగత బంగారు పతకం అదే. అభినవ్ బింద్రా 2008లో గెలిచినప్పుడు మనమంతా "మొదటిసారి" అని చప్పట్లు కొట్టామే, అంతకు 36 ఏళ్ల ముందే ఒక సైనికుడు కాళ్లు కదపకుండా ఆ పని చేసి ఇంటికొచ్చాడు. పద్మశ్రీ ఇవ్వడానికి ప్రభుత్వానికి 2018 దాకా తీరలేదు. 2024లో ఆయన మీద "చందూ ఛాంపియన్" అనే హిందీ సినిమా వచ్చింది. ఆ తర్వాతే చాలామంది ఆయన పేరు వెతుక్కున్నారు. నేనూ అంతే, ఒప్పుకుంటున్నాను.

ఒక కాలు లేనివాడూ, రెండు చేతులూ లేనివాడూ ఒకే పోటీలో ఎలా ఈదుతారని మా అబ్బాయి అడిగాడు. ఈదరు. పారా ఈతలో ప్రతి మనిషికీ ఒక తరగతి ఉంటుంది. ఎస్1 నుంచి ఎస్10 దాకా శారీరక వైకల్యాలకు, ఎస్11 నుంచి ఎస్13 దాకా చూపు లోపాలకు, ఎస్14 మేధో వైకల్యానికి. శారీరక వైకల్యాల్లో అంకె తగ్గినకొద్దీ వైకల్యం ఎక్కువని లెక్క. తరగతి తేల్చేవాళ్లు మొదట బల్ల మీద పడుకోబెట్టి ఒక్కో కండరం బలం, ఒక్కో కీలు కదలిక చూస్తారు. తర్వాత నీళ్లలో దింపి చూస్తారు. ఆ తర్వాత అసలు పోటీలో ఈదుతుండగా మళ్లీ చూస్తారు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో కాళ్ల పనే ఎక్కువ కాబట్టి దానికి తరగతి విడిగా ఇస్తారు. మా బావ లాంటివాడు ఫ్రీస్టైల్‌లో ఒక తరగతిలో, బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ఇంకో తరగతిలో ఉండొచ్చన్నమాట.

కట్టుడు కాళ్లు, కట్టుడు చేతులు గట్టు మీదే వదిలేయాలి. నీళ్లలోకి ఉన్న ఒళ్లు మాత్రమే వెళ్తుంది. దిమ్మ మీద నిలబడి దుంకలేనివాళ్లు కూర్చొని దుంకొచ్చు, లేదా నీళ్లలోంచే మొదలెట్టొచ్చు. బ్యాక్‌స్ట్రోక్‌లో గట్టును పట్టుకోవడానికి చేతులు లేనివాళ్లు తువ్వాలును పళ్లతో కరిచి పట్టుకుంటారు, గంట మోగగానే వదిలేస్తారు. కళ్లు కనపడనివాళ్లు గోడకు దగ్గరపడుతుంటే గట్టు మీదున్న మనిషి పొడవాటి కర్రతో నెత్తి మీదో భుజం మీదో తడతాడు. కర్ర కొసకు మెత్తటి బంతి ఉంటుంది. దాన్ని మొదటిసారి వీడియోలో చూసినప్పుడు నాకు మా బావే గుర్తొచ్చాడు. బావిలో కళ్లు మూసుకొని ఈదేవాడు, గోడకు చేయి దూరం ఉండగానే తిరిగేవాడు. ఎట్ల తెలుస్తదని అడిగితే, గోడ కాడ నీళ్లు చల్లగుంటయి అనేవాడు.

బావి ఈతకూ పోటీ ఈతకూ తేడా ఉంది, అది దాచకూడదు. బావిలో మన వీరత్వమంతా లోతులో చూపిస్తాం. ఎంతసేపు మునిగాడు, ఎంత అడుగుకు పోయాడు. ఈదేటప్పుడు మాత్రం తల ఎప్పుడూ నీళ్ల పైనే. కొలనులో లెక్క అడ్డంగా ఉంటుంది. యాభై మీటర్ల పొడవు, సెకనులో వందో వంతు. ముఖం నీళ్లలో పెట్టి, ఊపిరి నీళ్లలోనే వదిలి, పక్కకు తిప్పి పీల్చాలి. కాళ్లు ఆడనివాళ్లకు ఇది మరీ అవసరం. తల పైకి లేచిందా, తుంటి కిందికి జారుతుంది. జారిన తుంటి బురదలో దిగిన బండిచక్రమే. ఇది ఎవరో ఒకరు నేర్పాలి. బావి నేర్పదు.

నేర్పేవాళ్లు ఎక్కడున్నారు? తెలంగాణలో ప్రభుత్వ క్రీడా పాఠశాలలు మూడు. ఒకటి హకీంపేట. మిగతా రెండూ మనవే, ఒకటి కరీంనగర్‌లో, ఒకటి ఆదిలాబాద్‌లో. ఉత్తర తెలంగాణ పల్లె పిల్లలకు అవి నిజంగా గొప్ప అవకాశాలు, కాదనను. నాలుగో తరగతి పిల్లలకు ప్రవేశ పరీక్షలు పెడతారు. ముప్ఫై మీటర్ల పరుగు, నిలబడి పొడవు దుంకుడు, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు. పిల్లలు తెల్లారగట్ల లేచి ఊరి రోడ్ల మీద వీటికోసం తయారవుతుంటారు. ఇప్పుడు తొమ్మిదేళ్ల మా బావను ఆ వరుసలో నిలబెట్టి చూడండి. నిలబెట్టడం దగ్గరే ఆగిపోతాం. మెడిసిన్ బాల్ ఒక్కటి మాత్రం కూర్చొని విసరమంటే జిల్లాలోనే మొదటివాడయ్యేవాడని నా నమ్మకం.

వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వెళ్లిన దీప్తి జీవంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. మేధో వైకల్యం ఉన్నవాళ్ల టీ20 తరగతిలో. చిన్నప్పుడు ఊళ్లో ఆమెను ఎగతాళి చేసినవాళ్లున్నారు. ఆమె పరుగు బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి కంట పడింది, తర్వాత కోచ్ నాగపురి రమేశ్ చేతికి చిక్కింది. ఆమెను కనిపెట్టింది మనుషులు, ఏ ప్రవేశ పరీక్షా కాదు. పరుగు కాబట్టి కనిపించింది. రోడ్డు మీద పరుగెత్తే అమ్మాయిని ఎవరైనా చూస్తారు. బావిలో మునిగేవాడిని గట్టు మీద కూర్చున్న పిల్లలు తప్ప ఎవరు చూస్తారు?

నీళ్లకు కరువు ఉందా అంటే, కరీంనగర్, ఆదిలాబాద్ పాత జిల్లాల్లో ఆ మాట అనడానికి నోరు రాదు. మానేరు, గోదావరి, పెన్‌గంగ, ప్రాణహిత, కడెం. శ్రీరాంసాగర్ నుంచి ఎల్లంపల్లి దాకా ఎటు చూసినా జలాశయాలే. ఆదివారం కరీంనగర్‌లో సగం ఊరు మానేరు డ్యాం కట్ట మీదే ఉంటుంది. 2016లో రెండు జిల్లాలూ చీలి ఎన్నో జిల్లాలయ్యాయి, జిల్లాకో కలెక్టరేట్ లేచింది. వైకల్యం ఉన్న ఒక పిల్లవాడు తన బండి మీద వచ్చి, ఎవరి చేతా ఎత్తించుకోకుండా దిగి, వారానికి ఐదు రోజులు కోచ్ కింద ఈదగలిగే కొలను వాటిలో ఎన్నింట ఉందో చూడమని మన క్రీడాధికారులను అడగాలనిపిస్తుంది.

దిగే దారి అంటే పెద్ద ఖర్చేమీ కాదు. కొలను ఒక మూలన నీళ్లలోకి ఏటవాలుగా వెళ్లే దారి, పక్కన పట్టుకోను కడ్డీ. లేదంటే కుర్చీని నీళ్లలోకి దించే చిన్న లిఫ్టు. బట్టలు మార్చుకునే గది తలుపుకు ఇంకో జానెడు వెడల్పు. ఇంతే.

ఎత్తిపోతలూ మోటార్లూ ఉన్న ప్రాంతం కాబట్టి ఇంకో మాట. పోలియో వెళ్లిపోయింది. మన దేశంలో సహజ పోలియో వైరస్ ఆఖరి కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014లో భారత్ పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మా బావ తరంతో ఆ చేతిచెప్పులు ఆగిపోతాయి, మంచిదే. కరెంటు మాత్రం పోలేదు. పొలాల్లో తెగిపడ్డ తీగలు, ఫ్యూజు వేయబోయి చేతులు పోగొట్టుకున్నవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు! మహారాష్ట్ర షోలాపూర్ జిల్లా కర్మాలా కుర్రాడు సుయశ్ జాధవ్‌కు పదకొండేళ్లప్పుడు కరెంటు తగిలి రెండు ముంజేతులూ పోయాయి. ఆ పిల్లవాడే పెరిగి రియో పారాలింపిక్స్‌కు వెళ్లాడు, 2018 ఆసియా పారా క్రీడల్లో 50 మీటర్ల బటర్‌ఫ్లైలో బంగారం గెలిచాడు. మధ్యప్రదేశ్ భిండ్ జిల్లాలో ఒక పల్లె నది దగ్గర ఈత నేర్చుకున్న సత్యేంద్రసింగ్ లోహియా 2018లో ఇంగ్లిష్ చానల్ ఈదిన పారా రిలే జట్టులో ఉన్నాడు. వాగుకు, మోటారుకు, బావికి పుట్టిన ఈతగాళ్లు ఇంకెక్కడో ఉంటే ఇక్కడెందుకుండరు?

మా పత్రికల వాళ్ల సంగతీ ఒకటి చెప్పాలి. ఇట్లాంటివాళ్ల గురించి రాయాలంటే చేతికి అలవాటైన శీర్షికలు నాలుగున్నాయి. "విధిని ఎదిరించి", "వైకల్యం తలవంచిన వేళ", ఇట్లాంటివి. నేనూ రాశాను. విధిని ఎదిరించడానికి బావ ఏనాడూ నీళ్లలోకి దిగలేదు. ఎండ మండుతుంటే ఎవరైనా దిగినట్టే దిగాడు. ఆయనకు అడ్డం పడింది విధి కన్నా ఎక్కువగా మెట్లు, గడపలు, గేటు కాడ కూర్చున్న మనుషులు. శీర్షికలో వాళ్ల ఊసు ఉండదు.

పోయిన ఎండాకాలం ఆయన్ను ఒక పట్నంలో కొలనుకు తీసుకుపోయాను. ఏ పట్నమో చెప్పను, ఏ పట్నమైనా ఇంతకన్నా భిన్నంగా ఉండేదని అనుకోను. యాభై దాటిన మనిషి. ప్రభుత్వమిచ్చిన మూడు చక్రాల స్కూటీ మీద నా వెనకే వచ్చాడు. గేటు దగ్గర మూడు మెట్లు. చేతిచెప్పులతో చకచకా ఎక్కేశాడు. టికెట్ ఇచ్చే అబ్బాయి ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"సార్, ఈయనకు ఈతొస్తదా?"

"నీకన్నా మంచిగొస్తది" అన్నాడు బావ.

"అది గాదు పెద్దాయనా. ఏమన్నైతే మా మీదికొస్తది. డాక్టర్ సర్టిఫికెట్ దెచ్చుకోరాదుండ్రి."

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నాకు బాగానే తెలుసు. వాళ్లు క్రీడల్లో పాల్గొనే ఏర్పాట్లు ప్రభుత్వం చేయాలని అందులో ఉంది, పాత ప్రభుత్వ భవనాలకు కూడా ఐదేళ్లలో దారులు కట్టాలని ఉంది. అవన్నీ చెప్పాలని నోరు తెరిచాను. బావ నా మోచేయి గుంజాడు. జేబులోంచి సదరం సర్టిఫికెట్ తీశాడు, ఎందుకన్నా మంచిదని తెచ్చుకున్నాడట. ఆ అబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అందులో వైకల్యం శాతం ఉంది. ఈత ఎంత శాతం వస్తుందో లేదు. లోపల కొలనులోకి నిటారుగా దిగే ఇనుప నిచ్చెన తళతళా మెరుస్తుంటే చూసి వచ్చేశాం.

దారిలో బావ ఊళ్లోకి కాకుండా బావి వైపు తిప్పాడు. బోర్లొచ్చాక ముప్ఫై ఏళ్లు ఎండి తుమ్మలు మొలిచిన బావి. రెండు మూడు ఏళ్లుగా మళ్లీ నీళ్లు ఊరుతున్నాయి, కాలువ నీళ్ల పుణ్యం. మోట గిలకలు లేవు, దరులు కూలాయి, మెట్లు సగం దాకా ఉండి ఆగిపోయాయి. నీళ్లు మాత్రం పచ్చగా, కదలకుండా ఉన్నాయి.

బావ పై మెట్టు దగ్గర కూర్చొని చేతిచెప్పులు తీసి పక్కపక్కన పెట్టాడు. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి లోపలికి విసిరి, నీళ్లకేసి చూస్తూ పెదవులు కదిపాడు. లెక్కపెడుతున్నాడని నాకు కాసేపటికి గానీ అర్థం కాలేదు.

"రెండు మట్టులున్నయి, బామ్మర్దీ" అన్నాడు. విరిగిన మెట్లకేసి ఒకసారి, నా కారుకేసి ఒకసారి చూశాడు. "నీ డిక్కీల తాడున్నదా?"